హంప్టా పాస్‌కి ట్రెయిల్ రన్నింగ్ షూ: 8 బిగుతు, 9 వదులు. ఏది తీసుకోవాలి?

ఉప్పల్_ఉడుత (ఆదివారం, రాత్రి 9:10)

అందరికీ నమస్తే. సెప్టెంబర్‌లో నలుగురం హిమాచల్‌లోని హంప్టా పాస్ (కొండ కనుమ) ట్రెక్‌కి వెళ్తున్నాం. బ్యాగులు ఆఫ్‌లోడ్ చేయకుండా, అంటే కంచరగాడిదల మీద వేయకుండా, మేమే మోసుకోవాలని అనుకున్నాం కాబట్టి ఒక్కొక్కరి వీపు మీద 11, 12 కిలోలు ఉంటాయి. బరువైన ట్రెకింగ్ బూట్లు నాకు పడవు. ట్రెయిల్ రన్నింగ్ షూతోనే వెళ్దామని డిసైడ్ అయిపోయాను. ఇప్పుడు చిక్కంతా సైజు దగ్గరే.

ఆఫీసు షూ, మామూలు స్పోర్ట్స్ షూ అన్నీ నాకు యూకే 8. నిన్న పొద్దున్నే మాల్‌లో ఒక షాపుకి వెళ్లి వేసి చూశాను. 8 వేస్తే చిటికెన వేలు పక్కనుంచి నొక్కుతోంది. 9 వేస్తే వేళ్లకి హాయిగా ఉంది గానీ నడుస్తుంటే మడమ లేస్తోంది. 8.5 స్టాక్ లేదు. "ట్రెకింగ్‌కి ఎప్పుడూ ఒక సైజు ఎక్కువే సార్" అన్నాడు సేల్స్ అబ్బాయి. మా గ్రూపులో ఒకడు రెండు సైజులు పెంచమంటున్నాడు. ఆన్‌లైన్ సేల్ బుధవారంతో అయిపోతుంది. నా పాదం ముందు వైపు కాస్త వెడల్పు. బడ్జెట్ తొమ్మిది వేలు, మరీ తప్పదంటే పది.

8.5 ఆర్డర్ పెట్టేయనా?

సైబర్‌టవర్స్_సైక్లిస్ట్ (రాత్రి 9:14)

9 తీసుకో బ్రో. మందం సాక్స్ వేస్తే సెట్ అయిపోతుంది.

లేస్_ముడి (రాత్రి 9:31)

మందం సాక్స్ మడమ ఒక్కచోటే మందంగా ఉండదు కదా బ్రో. వేళ్ల దగ్గర వచ్చిన ఖాళీని కూడా అదే మింగేస్తుంది. అప్పుడు 9 తీసుకుని లాభం ఏంటి?

కొండగుర్తు (రాత్రి 10:05)

ఉడుత గారూ, ముందు ఆ 8, 9 పక్కన పెట్టండి. మీ పాదం ఎన్ని సెంటీమీటర్లో చెప్పండి.

యూకే 8 అనేది అన్ని కంపెనీల్లో ఒకటే కాదు. షూ నాలుక లోపలి వైపు చిన్న అక్షరాలతో సెంటీమీటర్లు కూడా ఉంటాయి, ఎవరూ చూడరు. 27 సెం.మీ. అని ఉన్న మగవాళ్ల షూ నైకీలో, ఏసిక్స్‌లో, ఆల్ట్రాలో యూకే 8. అదే 27 సాలమన్‌లో, హోకాలో, అడిడాస్‌లో యూకే 8.5. నైకీలో 8 వేసుకునే మనిషి సాలమన్‌లో కూడా 8 అడిగితే తనకి తెలియకుండానే అర సైజు తగ్గించుకున్నట్టు. అక్కడ బిగుతుగా ఉంటుంది, "ట్రెకింగ్‌కి ఒక సైజు పెంచాలి" అన్న మాట నిజమే అనిపిస్తుంది. ఆ సలహా ఇచ్చినవాడు ఏ కంపెనీ నుంచి ఏ కంపెనీకి లెక్క కడుతున్నాడో అడిగారా?

ఇంకో లెక్క. యూకే పద్ధతిలో ఒక పూర్తి సైజు అంటే అంగుళంలో మూడో వంతు, దాదాపు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. అర సైజు అంటే నాలుగు మిల్లీమీటర్ల పైచిలుకు. యూరప్ సైజుల్లో ఒక్కో మెట్టు సెంటీమీటర్‌లో మూడింట రెండు వంతులు. ఈ రెండూ ఒకదానికొకటి అతకవు కాబట్టే డబ్బాల మీద 42 2/3 లాంటి వింత అంకెలు కనిపిస్తాయి. రెండు సైజులు పెంచమన్న మీ స్నేహితుడు ఏకంగా 17 మిల్లీమీటర్లు పెంచమంటున్నాడు. ఆ షూతో రాళ్ల మీద నడిస్తే ముందు మొన తగిలి బోర్లా పడతారు.

కొలవడం ఎలా అంటే, సాయంత్రం కొలవండి. పొద్దున షాపుకి వెళ్లానన్నారు, అక్కడే సగం తేడా వచ్చి ఉంటుంది. రోజంతా నిలబడి, నడిచి, సాయంత్రానికి పాదం ఉబ్బుతుంది. ఎండ, ఎత్తుపల్లాలు, వీపు మీద బరువు తోడైతే ఇంకా ఉబ్బుతుంది. ట్రెక్‌లో రోజుకి ఐదారు గంటలు మీ షూలో ఉండేది ఆ ఉబ్బిన పాదమే. అక్కడ వేసుకోబోయే సాక్స్ వేసుకోండి. బ్యాగులో పది కిలోల బియ్యం సంచి పెట్టి తగిలించుకోండి. గోడకి ఆనించి నేల మీద ఎ4 కాగితం పెట్టి, మడమ గోడకి తగిలేలా దాని మీద నిలబడండి. కూర్చుని కొలిస్తే లాభం లేదు. బరువు పడినప్పుడు అరికాలి వంపు కొంచెం కిందికి దిగి పాదం సాగుతుంది, మనకి కావాల్సింది ఆ సాగిన కొలతే. గీత వేరేవాళ్లతో గీయించుకోండి, మీరే వంగితే బరువు మడమ మీద నుంచి తప్పుకుంటుంది. పెన్సిల్ నిటారుగా ఉండాలి. కొందరికి బొటనవేలి కన్నా రెండో వేలు పొడవు, అప్పుడు ఆ వేలి వరకే కొలవాలి. రెండు పాదాలూ కొలిచి పెద్దది ఏదైతే అది తీసుకోండి. బొటనవేలి మొదట్లో ఉన్న ఎముక నుంచి చిటికెన వేలి మొదట్లో ఉన్న ఎముక దాకా వెడల్పు కూడా రాయండి.

ఉప్పల్_ఉడుత (సోమవారం, రాత్రి 8:40)

కొలిచాను అన్నా. మా అమ్మ పెన్సిల్ పట్టుకుంది, బియ్యం సంచి ఎందుకు మోస్తున్నావురా అని ఒకటే నవ్వు.

ఒట్టి కాళ్లతో, బ్యాగు లేకుండా: ఎడమ 26.0, కుడి 26.3.
సాక్స్, బ్యాగు, 10 కిలోల బియ్యంతో: ఎడమ 26.2, కుడి 26.6.
వెడల్పు రెండిటికీ దాదాపు 10.5.

ఎడమకీ కుడికీ తేడా ఉంటుందని ఇన్నాళ్లూ తెలియదు.

కొండగుర్తు (రాత్రి 9:02)

దాదాపు అందరికీ కొంత తేడా ఉంటుంది, కంగారు లేదు.

26.6 మీ కొలత. దిగుడులో వేళ్లకి చోటు కావాలి కాబట్టి పొడవైన వేలి ముందు సెంటీమీటర్ నుంచి సెంటీమీటర్నర ఖాళీ ఉండాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. నాలుక మీద రాసిన సెంటీమీటర్లు సాధారణంగా ఆ షూ ఎంత పాదానికి తయారైందో చెప్తాయి, లోపలి పొడవు అంతకంటే కొంచెం ఎక్కువ ఉంటుంది. ఎంత ఎక్కువ అనేది మోడల్‌ని బట్టి మారుతుంది. కాబట్టి మీరు 27, 27.5 రెండూ వేసి చూడాలి. నైకీ, ఏసిక్స్, ఆల్ట్రా అయితే 8, 8.5. సాలమన్, హోకా అయితే 8.5, 9. చూశారా, 8 అన్నా 9 అన్నా రెండూ సరైన జవాబే కావచ్చు, కంపెనీని బట్టి.

ఆఖరి పరీక్ష మాత్రం ఇన్‌సోల్‌దే, అంటే షూ లోపల అరికాలి కింద పరిచి ఉండే మెత్తటి అట్టది. షూలోంచి ఇన్‌సోల్ బయటికి లాగి నేల మీద పెట్టి, మడమ దాని వెనక గుంటలో సరిగ్గా ఆనించి నిలబడండి. ముందు ఎంత మిగిలిందో, పక్కల నుంచి పాదం ఎంత బయటికి పొంగిందో కళ్లకి కనిపిస్తుంది. ఈ పని చేస్తుంటే షాపు వాళ్లు వింతగా చూస్తారు, చూడనివ్వండి.

మౌలాలీ_మెట్లు (రాత్రి 9:48)

అందరూ పొడవు గురించే మాట్లాడుతున్నారు. ఉడుత తమ్ముడు మొదటి పోస్టులో ఏం రాశాడు? చిటికెన వేలు *పక్కనుంచి* నొక్కుతోందని. అది పొడవుతో వచ్చిన ఇబ్బంది కాదు, వెడల్పుతో వచ్చింది. మన దగ్గర షాపుల్లో వెడల్పు షూ దొరకదు కాబట్టి పొడవు పెంచి అమ్ముతారు. సైజు పెంచితే పొడవు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది, వెడల్పు పెరిగేది చాలా కొంచెం. ఆ కొంచెం కోసం మడమ దగ్గర కప్పు పెద్దదైపోతుంది, లోపలి వంపు నీ వంపు కంటే ముందుకి జరిగిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, షూ వంగే చోటు నీ వేళ్లు వంగే చోటుకి ముందు పడుతుంది. అడుగడుగునా పాదం ఒకచోట, షూ ఇంకోచోట వంగుతుంటే మడమ లేవక ఏం చేస్తుంది? నీకు 9లో జరిగింది అదే అని నా అనుమానం.

మగవాళ్ల షూలో మామూలు వెడల్పుని డి అంటారు. 2ఈ అంటే వెడల్పు, 4ఈ అంటే ఇంకా వెడల్పు. ఆడవాళ్లకి మామూలు వెడల్పు బి, డి అంటేనే వెడల్పు. హైదరాబాద్ షాపుల్లో 2ఈ అడిగితే నాకు చాలాచోట్ల "అంటే ఏంటి మేడమ్?" అనే వచ్చింది. ఆన్‌లైన్‌లో మోడల్ పేరు పక్కన వైడ్ అనో 2ఈ అనో వెతకాలి. నేనైతే ఆడవాళ్ల షూ మానేసి మగవాళ్లవే కొంటాను. అమెరికా సైజుల్లో ఆడవాళ్ల 8.5 అంటే మగవాళ్ల 7. రంగులు నల్లగా, బూడిదగా ఉంటాయి, అదొక్కటే బాధ.

మన పాదాలు వెడల్పు అనేది మన ఊహ కాదు. చెన్నైలోని కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ, అదే సీఎల్ఆర్ఐ, 2021 డిసెంబర్ నుంచి 2022 మార్చి దాకా దేశమంతటా లక్ష మందికి పైగా పాదాలని త్రీడీ స్కానర్లతో కొలిచింది. యూరప్, అమెరికా వాళ్ల కంటే మన పాదాలు వెడల్పని తేలింది. దాన్ని బట్టి "భా" అనే పేరుతో మన సొంత సైజుల పద్ధతిని ప్రతిపాదించారు. అది బజారులోకి వచ్చేదాకా యూకే అచ్చుల్లోనే కాళ్లు దూర్చుకోవాలి. చిన్నప్పటి నుంచి చెప్పులేసుకుని, ఇంట్లో ఒట్టికాళ్లతో తిరిగిన వేళ్లు విచ్చుకునే ఉంటాయి మరి.

10.5 వెడల్పు అంటే మరీ 4ఈ అక్కర్లేదు. 2ఈ అయినా చాలు, లేదా ముందు భాగం సహజంగానే విశాలంగా ఉండే ఆల్ట్రా, టోపో లాంటివి చూడు.

సైబర్‌టవర్స్_సైక్లిస్ట్ (రాత్రి 9:55)

ఆల్ట్రా పది వేలలో వస్తుందా అక్కా? 😅

మౌలాలీ_మెట్లు (రాత్రి 10:01)

సేల్‌లో పాత రంగులు, పోయిన ఏడాది మోడల్ చూసుకోవాలి. ఇంకో సంగతి, ఆల్ట్రాలో చాలా మోడల్స్‌లో మడమ, వేళ్లు ఒకే ఎత్తులో ఉంటాయి. మామూలు షూలో మడమ ఎనిమిది, పది మిల్లీమీటర్లు ఎత్తుగా ఉంటుంది. ఆ ఎత్తుకి అలవాటు పడ్డవాళ్లు ఒక్కసారిగా దీనికి మారి ఎత్తు ఎక్కితే పిక్కలు, మడమ వెనక నరం పట్టేస్తాయి. ఈరోజు నుంచి రోజూ కొంచెం కొంచెం నడుస్తూ మారగలిగితేనే తీసుకో. ట్రెక్‌కి పది రోజుల ముందు కొనేవాళ్లకి మాత్రం వద్దు.

బూటే_శరణం (మంగళవారం, ఉదయం 7:20)

సైజు సంగతి తర్వాత, అసలు హంప్టాకి రన్నింగ్ షూ ఏంటండీ? పాస్ ఎత్తు 4,270 మీటర్లు. రాళ్ల గుట్టలు, వాగులు, జూన్‌లో అయితే మంచు. చీలమండ మెలిక పడితే బాలూ కా ఘేరా క్యాంపు నుంచి ఎవరు మోసుకొస్తారు? ఎత్తు బూటు వేసుకోండి, సైజు గొడవే ఉండదు.

లేస్_ముడి (ఉదయం 7:52)

సైజు గొడవ బూట్లలో ఇంకా ఎక్కువ అన్నా. ట్రెయిల్ షూ పైభాగం జాలీ గుడ్డ, కొంచెం సర్దుకుంటుంది. తోలు బూటు మొదటి రోజు నొక్కితే మూడో రోజుకి పుండే.

బరువు సంగతి మర్చిపోవద్దు. కాలికి ఉన్న కిలో వీపు మీద ఐదు కిలోలతో సమానం అని ట్రెకర్లు ఊరికే అనరు, అడుగుకి ఒకసారి దాన్ని లేపాలి కదా. సెప్టెంబర్‌లో హంప్టా దారి మీద మంచు ఉన్నా తక్కువే. అదే డిసెంబర్, జనవరిలో కేదార్‌కంఠ అంటే నేను కూడా బూటే చెప్తా. మంచులో జాలీ షూ తడిసి గడ్డకడుతుంది, మంచులో జారకుండా షూకి తగిలించే ముళ్ల గొలుసులు, మైక్రోస్పైక్స్, కూడా మెత్తటి షూ మీద సరిగ్గా కూర్చోవు. ఇంతకుముందు చీలమండ బెణికినవాళ్లు, 18, 20 కిలోలు మోసేవాళ్లు కూడా బూటు ఆలోచించొచ్చు.

బూటే_శరణం (ఉదయం 8:10)

సెప్టెంబర్ అని చూడలేదు. సరే. కానీ తీసుకెళ్లే ట్రెక్ సంస్థ ఒప్పుకుంటుందో లేదో ముందే అడగమనండి. కొందరు లీడర్లు చీలమండ దాకా లేకపోతే బేస్ క్యాంపులోనే ఆపేస్తారు.

ఉప్పల్_ఉడుత (ఉదయం 8:15)

అడిగాను అన్నా, గ్రిప్ బాగుంటే చాలన్నారు. బూట్లా షూలా అనేది ఇంతటితో ఆపుదాం ప్లీజ్, దానికి ఇంకో థ్రెడ్ ఉంది.

నల్లకుంట_నడక (మధ్యాహ్నం 1:30)

మధ్యలో దూరుతున్నందుకు సారీ. నాది తిరగేసిన సమస్య. షూ ఒక సైజు పెద్దదే, వేళ్ల ముందు బోలెడంత ఖాళీ. అయినా భువనగిరి కోట దిగి వచ్చేసరికి బొటనవేలి గోరు నల్లబడింది. ఇంకో సైజు పెంచాలా?

లేస్_ముడి (మధ్యాహ్నం 2:05)

పెంచొద్దు సార్! ఇది చాలామందికి అర్థం కాని చోటు కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నా.

గోరు నల్లబడేది షూ పొట్టిగా ఉన్నప్పుడే కాదు. దిగుడులో పాదం లోపల ముందుకి జారి మొనకి గుద్దుకున్నా గోరు కింద రక్తం గడ్డకడుతుంది. పొట్టి షూలో వేలు ఎప్పుడూ మొనకి ఆనుకునే ఉంటుంది. పెద్ద షూలో ఖాళీ ఉంది కాబట్టి సగం నిండిన బిందెలో నీళ్లలా కాలు ముందుకీ వెనక్కీ ఊగుతుంది, జోరుగా వచ్చి గుద్దుకుంటుంది. భువనగిరి గుట్ట మొత్తం ఒకే నున్నటి బండ, ఏటవాలుగా దిగేటప్పుడు బరువంతా వేళ్ల మీదే. కాబట్టి ముందు ఖాళీ ఉంటే చాలదు, ఆ ఖాళీలోకి కాలు జారకుండా పాదం మీద, చీలమండ కింద పట్టు ఉండాలి.

ఆ పట్టు సైజుతో రాదు, లేస్‌తో వస్తుంది. షూ పైన చివర ఒకదాని పక్కన ఒకటి రెండు కన్నాలు ఉంటాయి చూడండి. చివరిదాన్ని చాలామంది ఖాళీగా వదిలేస్తారు, అది అందం కోసం పెట్టింది కాదు. లేస్‌ని అటు వైపుకి దాటించకుండా అదే వైపున చివరి కన్నంలోకి దూర్చండి. రెండు కన్నాల మధ్య చిన్న ఉంగరంలా వస్తుంది. రెండో వైపు కూడా అంతే. ఇప్పుడు కుడి లేస్‌ని ఎడమ ఉంగరంలోంచి, ఎడమ లేస్‌ని కుడి ఉంగరంలోంచి తీసి, కిందికి లాగి బిగించి మామూలుగా ముడి వేయండి. మడమ వెనక్కి అతుక్కుపోతుంది. వేళ్ల వైపు మొదటి రెండు వరసలు వదులుగానే ఉంచండి. ఎక్కేటప్పుడు ఇంత బిగుతు అక్కర్లేదు, పాస్ మీద ఆగినప్పుడు దిగే ముందు ఒకసారి విప్పి మళ్లీ కట్టుకోవాలి. హంప్టాలో పాస్ దాటి శియా గోరు క్యాంపు వైపు దిగేది బాగా నిటారు, అక్కడ ఇది పనికొస్తుంది. లాగితే బిగిసే సన్నటి తీగ లేస్ ఉన్న మోడల్స్‌లో ఈ ముడి కుదరదు, కొనేటప్పుడే చూసుకోండి.

ఇంకోటి, గోళ్లు. బయలుదేరే ముందు రాత్రి కాదు, మూడు నాలుగు రోజుల ముందు అడ్డంగా, మరీ లోపలికి కాకుండా కత్తిరించుకోవాలి.

నల్లకుంట_నడక (మధ్యాహ్నం 2:40)

ఇప్పుడే కట్టి చూశా. ఆఫీసులో టేబుల్ కింద. తేడా తెలుస్తోంది! ఉన్న షూతోనే మళ్లీ వెళ్లి చూస్తా.

ఉప్పల్_ఉడుత (సాయంత్రం 6:30)

సాక్స్ సంగతి ఎవరైనా చెప్పండి. ఉన్నవన్నీ కాటన్.

మౌలాలీ_మెట్లు (సాయంత్రం 7:05)

కాటన్ వద్దే వద్దు. చెమటని పీల్చి అలాగే పట్టుకుంటుంది, తడి చర్మం రాపిడికి బొబ్బలెక్కుతుంది. ఉన్ని కలిసిన సాక్స్ గానీ, సింథటిక్ గానీ. మరీ మందం వద్దు, మధ్యరకం చాలు. రాత్రి టెంట్‌లో పడుకోవడానికి మాత్రం వేరేగా ఒక మందం జత పెట్టుకో, అది షూలో వేసేది కాదు. వేళ్ల మధ్య ఒరుసుకునేవాళ్లకి వేలు వేలుకీ విడిగా ఉండే సాక్స్ బాగుంటాయి, చూడ్డానికి కోతి పాదంలా ఉంటుంది గానీ.

సాక్స్ ముందు కొను, తర్వాతే షూ. ఇది తిరగేస్తే మళ్లీ కొలతలు మొదటికొస్తాయి.

కొండగుర్తు (రాత్రి 8:20)

ఉడుత గారూ, సేల్ అయిపోతుందని టెన్షన్ పడకండి. ఒకే మోడల్‌లో రెండు సైజులు తెప్పించుకుని ఒకటి వెనక్కి పంపేయొచ్చు. ఆర్డర్ పెట్టేముందు అది డబ్బు తిరిగిచ్చే రిటర్నా, సైజు మార్పిడి మాత్రమేనా అని చదవండి. డిస్కౌంట్ సరుకుకి చాలాచోట్ల మార్పిడి మాత్రమే ఉంటుంది, మీ సైజు స్టాక్ లేకపోతే కూపన్ చేతిలో పెడతారు.

వచ్చాక బయట తొడుక్కోవద్దు, అడుగున మట్టి అంటితే తీసుకోరు. ఇంట్లోనే సాయంత్రం, కొత్త సాక్స్, బియ్యం బ్యాగుతో అరగంట తిరగండి. మీది అపార్ట్‌మెంట్ అయితే సెల్లార్ ర్యాంప్ అంత మంచి పరీక్ష ఇంకోటి లేదు. కార్లు దిగే ఆ ఏటవాలు మీద కిందికి నడుస్తూ మధ్యలో ఠక్కున ఆగండి. వేలు మొనకి తగిలితే ఆ షూ వద్దు. మట్టి అంటకుండా షూ అడుగున పాత పాలిథిన్ కవర్ టేపు వేసి అతికించుకోవచ్చు, కానీ జారుతుంది, గోడ పట్టుకోండి. పైకి ఎక్కేటప్పుడు మడమ లేస్తుందేమో చూడండి. ఒకటి రెండు మిల్లీమీటర్లు కదిలితే పర్వాలేదు, చర్మం ఒరుసుకునేంత కదిలితే కాదు.

కొనే ఉద్దేశం లేకపోయినా ఒకసారి డెకాథ్లాన్‌కి వెళ్లి రండి. బ్యాగు, దాంట్లో వేసుకోవడానికి డంబెల్స్, షూ అన్నీ అక్కడే ఉంటాయి, ఎంతసేపు తిరిగినా ఎవరూ తొందరపెట్టరు. వాళ్ల సొంత ట్రెయిల్ షూ మీ బడ్జెట్‌లోనే వస్తాయి.

ఉప్పల్_ఉడుత (రాత్రి 8:45)

అర్థమైంది అన్నా. ఇంకొక్క డౌట్. వాటర్‌ప్రూఫ్ మోడల్ రెండు వేలు ఎక్కువ ఉంది. వాగు దాటాలంటున్నారు కదా, అది తీసుకోనా?

లేస్_ముడి (రాత్రి 8:58)

వద్దు. వాగులో నీళ్లు షూ గుడ్డలోంచి రావు, పైన చీలమండ దగ్గర నుంచి వస్తాయి. లోపలికొచ్చాక వాటర్‌ప్రూఫ్ పొర వాటిని బయటికి పోనివ్వదు, రోజంతా చిత్తడే. జాలీ షూ అయితే నడుస్తూనే చాలావరకు ఆరిపోతుంది. పైగా ఆ పొర వల్ల అదే సైజులో లోపల కాస్త ఇరుకు, వేడి ఎక్కువ. మీ వెడల్పు కాళ్లకి అసలు వద్దు.

శియా గోరు దగ్గర వాగుకి షూ విప్పి సాండల్స్‌తో దాటండి. నీళ్లు చల్లగా ఉంటాయి, వెనక పట్టీ లేని చెప్పులు కొట్టుకుపోతాయి.

బూటే_శరణం (రాత్రి 9:15)

ఇది మాత్రం ఒప్పుకుంటా. నా వాటర్‌ప్రూఫ్ బూటు ఒకసారి లోపల తడిస్తే రెండు రోజులు ఆరదు.

ఉప్పల్_ఉడుత (శనివారం, రాత్రి 9:30)

అప్‌డేట్. బుధవారం రెండు ఆర్డర్ పెట్టా, రెండూ నిన్న వచ్చాయి. సాక్స్ ముందే కొన్నాను అక్కా.

ఒకటి మామూలు వెడల్పు, నాలుక మీద 27.5 ఉన్నది, ఆ కంపెనీలో యూకే 9. రెండోది 2ఈ, 27 సెం.మీ., ఆ కంపెనీలో యూకే 8. ఇన్‌సోల్ తీసి నిలబడి చూశా. 27.5లో ముందు ఒకటిన్నర సెంటీమీటర్ పైనే మిగిలింది, కానీ చిటికెన వేలు వైపు పాదం ఇన్‌సోల్ దాటి బయటికొచ్చింది. 2ఈలో ముందు సెంటీమీటర్‌కి కొంచెం పైన, పక్కలకి సరిపోయింది. సెల్లార్ ర్యాంప్ మీద రెండూ వేసుకుని దిగాను. మొదటిది లేస్ ముడి వేసినా మడమ కొంచెం లేస్తోంది. రెండోదాంట్లో ఠక్కున ఆగినా వేలు తగల్లేదు. వాచ్‌మన్ వచ్చి బియ్యం ఎక్కడికి తీసుకెళ్తున్నారు సార్ అని అడిగాడు.

అంటే చివరికి నా సైజు 8 దగ్గరే ఆగింది. రంగు మాత్రం ఘోరమైన నారింజ, 2ఈలో అదొక్కటే ఉంది.

మౌలాలీ_మెట్లు (రాత్రి 9:41)

పొగమంచులో దూరం నుంచి కనిపిస్తావులే. ఇప్పటి నుంచి వారానికి రెండు మూడు సార్లు బ్యాగుతో వేసుకుని తిరుగు. మా మౌలాలీ గుట్ట మెట్లకి రా, లేదా ఆదివారం అనంతగిరి. ఎక్కడైనా ఒరుసుకుంటే ఇక్కడ ఉండగానే తెలియాలి.

కొండగుర్తు (రాత్రి 9:50)

ట్రెక్‌కి వెళ్లే ముందు ఆ షూతో రోజూ రోడ్డు మీద పరిగెత్తకండి. అడుగున ఉన్న ముళ్లు తారు రోడ్డుకి తొందరగా అరుగుతాయి.

సైబర్‌టవర్స్_సైక్లిస్ట్ (రాత్రి 10:02)

ఆ 27.5 జత రిటర్న్ పెట్టేశావా బ్రో? ఈ థ్రెడ్ చూసి నేనూ కొలిచా. బ్యాగుతో 26.9, నాది సన్న పాదం. నాగోల్‌లోనే ఉంటా.

ఉప్పల్_ఉడుత (రాత్రి 10:06)

ఇంకా లేదు, గురువారం దాకా టైమ్ ఉంది. రేపు ఆరు తర్వాత వచ్చి వేసి చూడు బ్రో. సరిపోతే నేను కొన్న రేటే ఇవ్వు. సాక్స్ నువ్వే తెచ్చుకో, బియ్యం నా దగ్గర ఉంది.